వానలో తెరిచిన కిటికీ

ఆ వానాకాలమంతా మా వంటింటి కిటికీ తెరిచే ఉంది. జల్లు లోపలికి కొట్టి పొయ్యి పక్క గోడ ఉబ్బింది, సున్నం పెచ్చులుగా ఊడింది. కిటికీని ఆనుకుని నిలబడి వండే మా కోడలి ఎడమ భుజం ఎప్పుడు చూసినా తడిగానే ఉండేది. నేను చూస్తూనే ఉన్నాను. ఇంట్లోకి గాలి రావాలని తెరుస్తోంది కాబోలు, మంచి అలవాటే అనుకున్నాను. ఆ కిటికీ నాకోసం తెరుస్తోందని తెలిసేసరికి వానలు దాదాపు అయిపోవచ్చాయి.

నేను పశువైద్యుణ్ణి. అయితే బతికున్న పశువు మీద చెయ్యి వేసే పని నాకు తక్కువ. ఓడల మీద మా రేవుకి వచ్చే మాంసాన్నీ తోళ్ళనీ పాలపొడినీ పరీక్షించి, ఊళ్ళోకి వదలాలో వద్దో చెప్పే ఆఫీసులో సీనియర్ డాక్టర్ని. ముందు కాగితాలు చూస్తాం. కంటైనర్ తలుపు మీది సీలు చెక్కుచెదరకుండా ఉందా అని చూస్తాం. రాయిలా గడ్డకట్టిన మాంసంలోకి బరమాతో కన్నం వేసి, థర్మామీటర్ దింపి చలి సరిపోయిందో లేదో చూస్తాం. అన్నిటికన్నా చివర ముక్కు పని. గడ్డ లోపలి నుంచి చిన్న ముక్క కోసి, గాజు కూజాలో నీళ్ళు పోసి, మీద గాజు పలక మూసి ఉడికిస్తాం. ఆవిరి నిండాక పలక పక్కకి జరిపి వాసన చూస్తాం. చలికి దాక్కున్న కుళ్ళు వేడి తగిలితే బయటపడుతుంది. ల్యాబ్ వాళ్ళు వెతికేది రోగాల్ని. పాడైందా లేదా అని తేల్చాల్సింది మేమే.

నా ముక్కుకి రేవులో పేరుంది. ఒకసారి నడిసముద్రంలో చలి మిషను ఆగి, కరిగిపోయి, మళ్ళీ గడ్డకట్టిన సరుకొకటి కాగితాలన్నీ సరిగ్గా పెట్టుకుని వచ్చింది. అందరూ బాగుందన్నారు. నేను వద్దన్నాను. అది పిల్లల ఆసుపత్రి వంటశాలకి వెళ్ళాల్సిన సరుకు. అప్పటి నుంచి హమాలీలతో సహా అందరూ నన్ను ముక్కు సార్ అనడం మొదలుపెట్టారు. నా భార్య ఉన్న రోజుల్లో, సాయంత్రం నేను మెట్లెక్కుతుంటే లోపలి నుంచే అనేది, "చెప్పులతో పాటు ఆ ముక్కు కూడా బయటే విడిచి రండి" అని. ఆమె పోయాక నాకా మాట చెప్పేవాళ్ళు లేకపోయారు.

ఎండలు తగ్గుతుండగా నాకు జ్వరం వచ్చింది. మంచం దిగాక కొన్నాళ్ళు ఏ వాసనా తెలియలేదు. సబ్బు ముక్కు దగ్గర పెట్టుకున్నా గాలి పీల్చినట్టే ఉండేది. ఆఫీసులో ఆ సంగతి చెప్పి, కాగితాల పనికే పరిమితమయ్యాను. తర్వాత ఒకరోజు బస్సులో పక్కవాడి చొక్కా నుంచి చెమట వాసన తగిలింది. అంత సంతోషంగా ఎవరి చెమటనీ నేనెప్పుడూ పీల్చలేదు. ముక్కు తిరిగొచ్చిందని అందరికీ చెప్పాను. మర్నాడే పరీక్ష గదిలోకి వెళ్ళాను.

ఆ రోజు వచ్చింది ఐసు మామ కంటైనర్.

ఐసు మామ కుర్రతనంలో చేపల పడవలకి ఐసుగడ్డలు మోశాడు. ఆ రెక్కల కష్టంతోనే చిన్న కోల్డ్ స్టోరేజీ పెట్టుకున్నాడు. ఆయన అక్క భర్త సముద్రానికి అవతల మాంసం ప్యాక్ చేసే చిన్న ఫ్యాక్టరీ నడుపుతాడు. బావ పంపిస్తే ఈయన ఇక్కడి ఆసుపత్రులకీ క్యాంటీన్లకీ అమ్ముతాడు. ఇద్దరికీ వేరే సరుకు లేదు, వేరే మనిషి లేడు.

"మా బావ చేతి సరుకండీ," అన్నాడు తలుపు తీస్తుంటే, బయటికి కొట్టిన చలిపొగలో చేతులు రుద్దుకుంటూ. "పరీక్ష అక్కర్లేదు. కానీ మీ ముక్కు తగిలితే గానీ నాకు తృప్తి ఉండదు."

"తగలగానే మీ బావ తుమ్ముతాడేమో చూడండి," అన్నాను. హమాలీలు నవ్వారు.

పరీక్ష గదిలో నాతో పాటు ఉన్నది చిన్న డాక్టరమ్మ. ఆ ఏడే ఉద్యోగంలో చేరింది. శ్రద్ధగల పిల్ల. ముక్క కోసి, కడిగి, కూజాలో వేసి స్టవ్ మీద పెట్టింది. వాసన చూసే పద్ధతి ఒకటుంది మాకు. ఒక డాక్టరు చూసి, ఏమీ మాట్లాడకుండా బయటికి వెళ్ళాలి. తర్వాత రెండో డాక్టరు లోపలికి వచ్చి చూడాలి. ఒకరి మాట ఇంకొకరి ముక్కులో పడకూడదని ఆ ఏర్పాటు. దాన్ని నేను ఎప్పుడో వదిలేశాను. తలుపు దగ్గర ఆ దాగుడుమూతలు ఎందుకని, పక్కన నిలబెట్టుకుని నేర్పిస్తే కొత్తవాళ్ళకి మేలు కదా అని.

పలక జరిపాను. వెనక్కి తగ్గాను.

కాలిన రబ్బరూ, మురిగిన ఉల్లిపాయా కలిపి ఉడకబెట్టినట్టు ఉంది.

"చూడమ్మా," అన్నాను కూజా ఆమె వైపు జరిపి.

ఆమె వంగి చూసింది. మళ్ళీ చూసింది. తలెత్తి నా వైపు చూసింది.

"ఉంది కదూ?"

"ఉంది సార్. కొంచెం."

"కొంచెమేమిటి, బొత్తిగా పోతేనూ."

ఇంకోసారి వంగింది. "అవును సార్," అంది.

ఐసు మామని లోపలికి పిలిచాను. పిలవక్కర్లేదు, కానీ పాత పరిచయం, ఆయనే చూసుకుంటే మనసు కుదుటపడుతుందని పిలిచాను. ఆయన తలపాగా తీసి చంకలో పెట్టుకుని, చాలాసేపు కూజా మీదికి వంగి ఉన్నాడు. లేచేసరికి మొహంలో రంగు లేదు.

"అవునండీ," అన్నాడు. "వస్తోంది."

వద్దన్న మాంసాన్ని ఊరికే పారెయ్యరు. ఎవరూ ఏరుకుని తినకుండా పెట్టెలు కోసి, నీలిరంగు పోసి, సున్నం గోతిలో పూడుస్తారు. వాన పడుతోంది. నీలం నీళ్ళు గోతి అంచుల నుంచి మా బూట్ల దాకా పారాయి. ఐసు మామ గొడుగు నా మీద పట్టుకుని నిలబడ్డాడు. తను తడుస్తూ.

అదే వారంలో మా ఇంట్లో కూడా ఆ వాసన మొదలైంది.

మా అబ్బాయి రేవులో టగ్ బోటు నడుపుతాడు. పెళ్ళయి ఎక్కువ కాలం కాలేదు. కోడలు వచ్చాకే, నా భార్య పోయిన తర్వాత చల్లారిన పొయ్యి మళ్ళీ వెలిగింది. నాకు మాంసం ఇష్టమని తెలుసుకుని ఆ రోజు వండింది. గేటు దగ్గరే నాకు ఆ వాసన తగిలింది. రబ్బరు, ఉల్లిపాయ. ఆఫీసు వాసన బట్టలకి పట్టిందేమోనని స్నానం చేసి వచ్చి కూర్చున్నాను. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని మింగలేక, పళ్ళెం మెల్లగా జరిపాను.

"బాగాలేదా మామయ్యా?"

"వంట బాగుందమ్మా. మాంసమే నిలవది. ఎక్కడ కొన్నావు?"

చెప్పింది. నేనేమీ కసరలేదు. నా జీవితంలో ఎవరినీ కసరింది లేదు. తాజా మాంసం ఎలా ఉంటుందో, వేలితో నొక్కితే గుంట ఎలా పూడాలో, కొవ్వు ఏ రంగులో ఉండాలో ఓపిగ్గా, ముద్దుగా, క్లాసు చెప్పినట్టు చెప్పాను. అంతా విని తలూపింది. మర్నాడు దుకాణం మార్చింది. అక్కడిదీ అంతే. ఇంకో దుకాణానికి వెళ్ళింది. వేలితో నొక్కి చూస్తున్నానని ఆ దుకాణంవాడు విసుక్కున్నాడట. ఆ మాట నాతో చెప్పలేదు, మా అబ్బాయితో చెబుతుంటే విన్నాను.

తర్వాత గుడ్డు. తర్వాత కాఫీ. తర్వాత ఉల్లిపాయలు వేగుతుంటే చాలు, నేను వీధి అరుగు మీదికి పోయి కూర్చునేవాణ్ణి. ఫ్రిజ్జులో ఏదో మురుగుతోందన్నాను. ఆమె ఫ్రిజ్జు మొత్తం ఖాళీ చేసి వేడినీళ్ళతో తోమింది. సింకు గొట్టంలో ఏదో ఉందన్నాను. ప్లంబర్ వచ్చి గొట్టం ఊడదీసి, లోపలికి టార్చి కొట్టి, వేలు పెట్టి వాసన చూసుకుని, "మా ఇంట్లో కంచం కూడా ఇంత శుభ్రంగా ఉండదండీ," అన్నాడు. అతను వెళ్ళాక ఆమె మళ్ళీ కడిగింది. ఆ వానల్లో ఆమె అరచేతులు పగుళ్ళిచ్చాయి. పగుళ్ళకి రాసుకోమని మందు కూడా తెచ్చిచ్చాను నేను. అప్పట్లో దాన్ని మంచితనం అనుకున్నాను.

ఒక ఆదివారం అన్నం దగ్గర మా అబ్బాయి అన్నాడు, "నాన్నా, నాకు మాత్రం ఏ వాసనా రావట్లేదు. బాగానే ఉంది కూర."

"రోజంతా డీజిల్ పొగలో ఉండేవాడివి. నీకు కూరకీ గ్రీజుకీ తేడా తెలుస్తుందిరా?" అన్నాను.

వాడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. కంచంలోకి చూస్తూ, "లేదండీ, మామయ్య చెప్పింది నిజమే. నాకూ వస్తోంది," అంది.

"చూశావా," అన్నాను.

ఆ తర్వాత మా ఇంట్లో మాంసం వండడం మానేశారు. ఆమె మాతో కలిసి తినడం కూడా మానేసింది. ఇంకా పనుందనేది. కొత్త కదా, బిడియం అనుకున్నాను.

ఐసు మామ రెండో కంటైనర్ కూడా పోయింది. ఈసారి నేను పలక జరపకుండానే, సందులోంచి వచ్చిన ఆవిరికే తల పక్కకి తిప్పుకున్నాను. చిన్న డాక్టరమ్మ నా తల తిప్పడం చూసింది. కూజా వైపు ఒక్కసారి వంగి, "అవును సార్," అనేసింది. అదే రోజు మొదటి కంటైనర్ తాలూకు ల్యాబ్ రిపోర్టు వచ్చింది. ఏ రోగమూ లేదని. "యంత్రానికి అన్నీ ఉంటాయి గానీ ముక్కుండదు," అన్నాను. గదిలో అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

నేను బయటికి వచ్చేసరికి వరండా చివర ఐసు మామ ఫోన్లో ఉన్నాడు. ఒక చెవి చేత్తో మూసుకుని, వాన చప్పుడు మీద అరుస్తున్నాడు.

"ఎవరో చెప్పింది కాదు బావా. నేను చూశా. నా ముక్కుతో నేను చూశా... ఇన్నేళ్ళు అన్నం పెట్టిన చేత్తో కుళ్ళు పంపిస్తావా? నన్నెవడనుకున్నావు? ... అక్కకి ఇవ్వకు ఫోను. అక్కకి ఇవ్వకన్నానా."

అవతల ఎవరో ఆడమనిషి గొంతు. ఆయన ఫోను చెవికి దూరంగా పట్టుకుని, కట్ చేశాడు. నన్ను చూసి సిగ్గుపడ్డాడు.

"అయిపోయిందండీ," అన్నాడు. "మూడోది ఆల్రెడీ సముద్రంలో ఉంది. అదీ ఇంతే అయితే స్టోరేజీకి తాళం వేసేస్తా. ఇక ఆ గుమ్మం తొక్కేది లేదు."

"మీ తప్పేం లేదు," అన్నాను నేను, ఆయన భుజం తట్టి.

మూడో కంటైనర్ రేవులో దిగిన రోజు పొద్దున్నే, ఊళ్ళో కబేళాలో పనిచేసే మిత్రుడికి ఒంట్లో బాగాలేకపోతే ఆయన బదులు నేను వెళ్ళాను. అక్కడ గొర్రెల్ని నిలబెట్టి, నడిపించి చూశాను. కోశాక ఊపిరితిత్తులూ కాలేయమూ చూసి ముద్ర వేశాను. అన్నిటిలో ఆరోగ్యంగా ఉన్నదాన్నుంచి ఒక ముక్క కోయించి కొనుక్కున్నాను. సంచిలో ఇంకా వెచ్చగా ఉంది. ఎన్నాళ్ళుగానో మంచి మాంసం తినలేదు. కోడలికి కూడా ఒకసారి చూపించినట్టుంటుంది, మంచిది ఎలా ఉంటుందో.

"మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళే ముందు ఇది తిని వెళతానమ్మా," అని సంచి ఇచ్చాను. "ముందు ఒక చిన్న ముక్క ఉత్త నీళ్ళలో ఉడికించు. ఉప్పు కూడా వద్దు. నీకొక సంగతి చూపిస్తాను."

ఆమె గిన్నెలో నీళ్ళు పెట్టింది. కిటికీ తెరిచింది. బయట వాన ఏటవాలుగా పడుతోంది. మూత కింద నీళ్ళు మరగడం వినిపించాక, నేను ఆమె పక్కకి వెళ్ళి పాఠం చెప్పేవాడిలా మూత ఎత్తాను.

రబ్బరు. మురిగిన ఉల్లిపాయ.

మూత చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఈ జంతువు పొద్దున నా ముందు నడిచింది. నా చేత్తో నేను ముద్ర వేశాను. ఆ గిన్నెలో నీళ్ళూ, అదీ తప్ప ఇంకేమీ లేవు.

"నీకెలా ఉందమ్మా వాసన?" అన్నాను.

ఆమె గిన్నె వైపు చూడలేదు. నా మొహం వైపు చూసింది. మొదట కళ్ళు, తర్వాత ముక్కు, తర్వాత నోరు. పరీక్షలో జవాబు కోసం పక్కవాడి కాగితం వైపు చూసినట్టు చూసింది.

"మీకెలా ఉంది మామయ్యా?"

"నిన్ను అడుగుతున్నాను తల్లీ."

"వస్తోంది... కొంచెం."

"ఏం వస్తోంది?"

పైట చెంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది.

"ఏం చెప్పాలో తెలియట్లేదు మామయ్యా," అంది.

జల్లు ఆమె భుజం మీద పడుతూనే ఉంది. జాకెట్టు ఒంటికి అతుక్కుపోయింది.

"ఆ కిటికీ మూసెయ్యి. తడిసిపోతున్నావు."

"మూస్తే మీరు..." అని ఆగింది. "మూస్తే మీరు బయటికి వెళ్ళి కూర్చుంటారు కదా."

నేను మూత గిన్నె మీద పెట్టాను. కిటికీ నేనే మూశాను. గొడుగు తీసుకోవడం మర్చిపోయి వీధిలోకి నడిచాను.

ఆఫీసు వరండాలో ఐసు మామ ఒక ఖాళీ పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోతే కూర్చోమని సైగ చేసి లోపలికి వెళ్ళిపోయాను. ఆయన కళ్ళలోకి చూసే ధైర్యం రాలేదు. పరీక్ష గదిలో చిన్న డాక్టరమ్మ కూజా కడిగి పెట్టుకుని నాకోసం ఎదురుచూస్తోంది.

"నువ్వొక్కదానివే చూడు. తలుపేసుకుని," అన్నాను. "నేను వరండాలో కూడా ఉండను."

"మీరు చూడరా సార్?"

"నా ముక్కు చెడిపోయింది. జ్వరం తర్వాత సరిగ్గా రాలేదు. నాకు ఈ లోకంలో ఉడికిందల్లా కుళ్ళు వాసనే వస్తోంది."

ఆమె తలుపు వేసుకుంది. నేను వెనక వైపు, హమాలీలు టీ తాగే రేకుల షెడ్డు కింద నిలబడ్డాను. ఒకతను తువ్వాలు ఇచ్చాడు, తల తుడుచుకోమని. అది తీసుకోవడం కూడా సిగ్గనిపించింది.

కాసేపటికి ఆమె షెడ్డు దాకా వచ్చింది.

"బాగుంది సార్. రెండు పెట్టెల నుంచి తీసి చూశాను. మంచి మాంసం."

"మంచిదమ్మా."

ఆమె వెళ్ళలేదు. "సార్, ముందువి కూడా..."

"చెప్పు."

"నాకు మాంసం వాసనే వచ్చింది సార్. ఇంకేం రాలేదు. మీకు అంత గట్టిగా వస్తుంటే నాకు రాలేదంటే నాలోనే లోపం అనుకున్నా. ముక్కు డాక్టర్ దగ్గరికి కూడా వెళ్ళాను. దీపం పెట్టి చూసి ఏమీ లేదన్నాడు." తల వంచుకుంది. "ఆయన మాట నేను నమ్మలేదు సార్. మీ మాటే నమ్మాను."

ఆ పిల్ల నన్ను నిందించడానికి చెప్పలేదు. క్షమించమన్నట్టు చెప్పింది. నా మీద వాన పడకుండా కొంచెం జరిగి నాకు చోటిచ్చింది కూడా.

మా ఆఫీసు పెద్దసారు తన గది తలుపు మూసి, కుర్చీ చూపించి, నేను చెప్పిందంతా విన్నాడు. మంచివాడే. నాకన్నా వయసులో చిన్నవాడు.

"మూడోది వదిలేద్దాం," అన్నాడు. "పోయినవి పోయాయి కదండీ. గోతిలో ఉన్నదాన్ని ఎవరు తవ్వుతారు? రిటైర్మెంటు దగ్గరపడుతోంది. పేరున్న మనిషి మీరు. జ్వరమని సెలవు పెట్టండి. ఈ మాట మనిద్దరి మధ్యే ఉంటుంది."

కిటికీ అద్దం మీద వాన జారుతోంది. ఆయన చెప్పింది తీయగా ఉంది. తల ఊపితే చాలు. ఊపాలనిపించింది. అలా ఎంతసేపు కూర్చున్నానో గానీ, ఆయన నా వైపు చూసి ఒప్పుకున్నాననుకున్నాడు. టీ తెప్పించబోయాడు.

"వద్దండీ. బయట ఆయన కూర్చుని ఉన్నాడు," అన్నాను, లేచి.

ఆ తర్వాత డిపార్ట్‌మెంట్‌కి రాసినవీ, విచారణా, ఐసు మామకి రావాల్సింది చాలా ఆలస్యంగా రావడమూ, అదంతా వేరే సంగతి. ఆ పూట నేను వరండాలోకి వచ్చి ఆయన పక్కన ఇంకో పెట్టె లాక్కుని కూర్చున్నాను. నిలబడి చెప్పలేకపోయాను.

మొత్తం చెప్పాను. ఆయన విన్నాడు. మధ్యలో తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అంటే ఇది బాగుందా?"

"బాగుంది. ముందువీ బాగున్నాయి."

"నీలిరంగు పోసినవి?"

"అవి కూడా."

కోపం వస్తుందనుకున్నాను. వస్తే బాగుండనుకున్నాను. ఆయన కనుబొమలు ముడిచి, లెక్క తెగనివాడిలా నేలకేసి చూస్తూ కూర్చున్నాడు.

"మరి నాకెందుకు వచ్చిందండీ వాసన?" అన్నాడు.

నేను నా పెట్టె ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాను.

"నిజంగా వచ్చింది డాక్టర్ గారూ. మీరన్నారని అన్నది కాదు. ఒట్టు. వంగి చూస్తే కుళ్ళు వాసన కొట్టింది. ఎట్లా వచ్చింది మరి?"

దానికున్న జవాబు ఆయనకి చెప్పే మొహం లేదు. ఆయన జేబులోంచి ఫోను తీసి, నంబరు నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, అవతల పలికేసరికి గబుక్కున నా చేతిలో పెట్టాడు.

"మీరే చెప్పండి. నా వల్ల కాదు."

ఎప్పుడూ చూడని మనిషికి, సముద్రం అవతల, నేనెవరో చెప్పుకున్నాను. ఆయన సరుకులో ఏ లోపమూ లేదని, లోపం నాదని చెప్పాను. నా పదవి పేరు కూడా చెప్పాను.

"మా బావమరిది పక్కనే ఉన్నాడా?" అన్నాడాయన.

"ఉన్నారండీ."

"అన్నం తిన్నాడేమో అడగండి. కోపమొస్తే తిండి మానేస్తాడు వాడు."

అడిగాను. ఐసు మామ మొహం అటు తిప్పుకున్నాడు.

"తినలేదని చెప్పండి," అన్నాడు. మళ్ళీ ఇటు తిరిగి, "రెండు రోజులని చెప్పండి. పొద్దున తిన్నాలే గానీ, అలాగే చెప్పండి," అన్నాడు.

ఫోను ఆయనకిచ్చి నేను వచ్చేశాను.

సాయంత్రం ఇంట్లో అబ్బాయీ కోడలూ ఇద్దరూ ఉండగా చెప్పాను. ఆఫీసులో చెప్పినదాని కంటే కష్టమైంది. "నీ వంటలో ఏమీ లేదు తల్లీ. దుకాణంలో లేదు, ఫ్రిజ్జులో లేదు, గొట్టంలో లేదు. నాలో ఉంది," అన్నాను.

"అయ్యో, అలా అనకండి మామయ్యా," అంది వెంటనే. "మొదటి రోజు తెచ్చిన మాంసం నిజంగానే కొంచెం తేడాగా ఉంది. నాకూ తెలిసింది."

మా అబ్బాయి ఆమె వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. వాడు ఏదైనా అంటాడేమోనని ఎదురుచూశాను. వాడు లేచి నా కంచంలో పెరుగు వేశాడు. పెరుగు ఒక్కటే అప్పట్లో నాకు వాసన లేకుండా దిగేదని వాడు ఎప్పుడో గమనించి ఉంచుకున్నాడు.

పరీక్ష గదిలోకి నేను మళ్ళీ వెళ్ళలేదు. సీళ్ళూ కాగితాలూ చూసుకునేవాణ్ణి. చిన్న డాక్టరమ్మ ఇప్పుడు ఒక్కతే తలుపేసుకుని చూస్తుంది. తన తర్వాత చూసేవాళ్ళకి ఒక్క ముక్క కూడా చెప్పకుండా బయటికి వస్తుంది. ఆమె మొహంలో ఏముందో కనిపెడదామని హమాలీలు పందేలు కాస్తారు, ఎవరూ గెలవలేదు.

వానలు వెళ్ళాయి. చలి వచ్చి, అదీ వెళ్ళబోతున్న రోజుల్లో, ఒక సాయంత్రం నేను మెట్లెక్కి చెప్పులు విడుస్తున్నాను. లోపలి నుంచి ఏదో తగిలింది. ఒంటి కాలి మీద అలాగే ఆగాను. ఉల్లిపాయలు నూనెలో వేగుతున్నాయి. అంచులు ఎర్రబడుతున్న తీపి వాసన. నా భార్య ఉన్నప్పటి వాసన, నా చిన్నప్పటి వాసన, ఉల్లిపాయల వాసన.

చప్పుడు చెయ్యకుండా వెళ్ళి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. కోడలు అటు తిరిగి గరిటె తిప్పుతోంది. గోడకి కొత్త సున్నం వేయించాం. కిటికీ మూసి ఉంది. ఆమెకి చెప్పాలని నోరు తెరవబోయాను.

నేను వచ్చానని ఆమెకి ఎలా తెలిసిందో. వెనక్కి తిరగలేదు. కుడి చేత్తో గరిటె తిప్పుతూనే, ఎడమ చెయ్యి దానంతటదే లేచి కిటికీ గడియ మీదికి వెళ్ళింది.

"తెరవకు తల్లీ," అన్నాను. "బాగుంది."

చెయ్యి గడియ మీదే ఆగింది. అప్పుడు వెనక్కి తిరిగి, నేను నిజంగానే అన్నానా అని, నా మొహం వైపు చూసింది.